మరక చూసి కుట్టిన పుస్తకం

మనిషికి రక్షణ దేవుడు ఊరికే ఇస్తాడా, మంచి పనులు చేసి సంపాదించుకోవాలా? ఈ తగువు తేల్చలేక ప్రపంచంలోని పండితులందరూ గడ్డాలు నెరిసేదాకా కొట్టుకుంటూ ఉంటే, ఒక్క దబ్బనంతో, కాస్త దారంతో, ఒక్క మధ్యాహ్నంలో తేల్చి అవతల పారేసిన మనిషి దబ్బనం అక్క. ఊరికే ఇస్తాడని రాసిన అపొస్తలుడి ఉత్తరం వేదగ్రంథంలో ఒక చోట ఉంటుంది. పనుల్లేని నమ్మకం ఊపిరి లేని ఒళ్లులాంటిదని రాసిన ఇంకో అపొస్తలుడి ఉత్తరం చాలా పేజీల అవతల ఉంటుంది. ఇన్ని వందల ఏళ్లుగా ఎడమొహం పెడమొహంగా పడి ఉన్న ఆ ఇద్దర్నీ ఈవిడ రెక్క పట్టుకుని లాక్కొచ్చి, పక్కపక్కన కూర్చోబెట్టి, ఒక ఆదివారం పొద్దున ఒకే నోటితో మాట్లాడించింది. చూడబోతే ఏడో తరగతి పరీక్షకి బయల్దేరి దారిలో మనసు మార్చుకున్న మనిషి. పూర్తిగా చదువుకున్నవాళ్ల చేత ఇలాంటి ఘనకార్యాలు కావు. వాళ్లకి వరస తెలిసిపోతుంది.

దబ్బనం అక్క పుస్తకాలు కుట్టే మనిషి. అచ్చాఫీసుల వీధిలో, మెట్ల కింద, పొడుగ్గా సొరంగంలాంటి గది ఆమె దుకాణం. ఒక పొడుగు బల్ల, పుస్తకాల్ని నొక్కి పెట్టే ఇనప మర, మైనం పట్టించిన దారపు ఉండలు, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు గిన్నె. కిటికీ పక్కన చేతుల కుర్చీ. ఆ కుర్చీలో వాళ్ల నాన్న.

ఆమె చదువు బడితో ఆగలేదు. కాకపోతే పదహారేసి పేజీల చొప్పున సాగింది. అచ్చయిన కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతాయి, దాన్ని ఫారం అంటారు. ఏ ఫారం చేతికొస్తే దాన్ని చదివి, కుట్టి, పక్కన పెట్టడం ఆమెకి అలవాటు. అందుకే ఆమెకి లోకంలోని సంగతులన్నీ తెలుసు గానీ ఏదీ మొదట్నుంచి తెలీదు. ఒక హత్య కథలో హంతకుడెవరో చెప్పగలదు, చచ్చిందెవరో అడక్కూడదు. మనిషి శరీరం గురించి గుండె నుంచి మోకాళ్ల దాకా వివరిస్తుంది. ఆ పైనా ఆ కిందా వేరే ఎవరో కుట్టారు. ఇలా చదివినవాళ్లకి ఒక జబ్బు వస్తుంది. కనబడిన ప్రతి మనిషినీ "తర్వాతేమైంది?" అని అడుగుతారు. దబ్బనం అక్కకి ఆ జబ్బు ముదిరిపోయింది.

ఆమె భర్త సిటీబస్సు డ్రైవరు. ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి చదువుకునే కళ్లజోడు ఒకటే. పొద్దున డ్యూటీ కాగితం చూసుకోవడానికి ఆయన పెట్టుకుంటాడు, ఆ తర్వాత రోజంతా ఆమెది. పిల్లల్లేరు. ఒక పిల్లాడి పెట్టు నాన్న ఉన్నాడు కదా అంటుంది ఆమె.

ఆ నాన్న నలభై ఎనిమిదేళ్లు పుస్తకాలు కుట్టాడు. ఒక్క ఫారం కూడా తలకిందులుగా కుట్టలేదని, ఒక్కటి కూడా వరస తప్పలేదని ఆయన నమ్మకం. ఈ కథకి రెండేళ్ల ముందు చేతులకి వణుకు వచ్చింది. అప్పట్నుంచి ఆయనకి టీ సగం గ్లాసే ఇస్తారు. నిండు గ్లాసిస్తే సగం చొక్కా తాగుతుంది.

అసలు కథ ఆ చేతుల దగ్గరే మొదలైంది. దబ్బనం అక్కకి మూడేళ్లప్పుడు తొమ్మిది రోజులు జ్వరం కాసింది. డాక్టరు చేతులెత్తేశాడు. నాన్న చర్చికి పరిగెత్తి, ప్రసంగపీఠం మీదున్న పెద్ద పుస్తకం మీద చెయ్యి పెట్టి, "పిల్ల బతికితే ఈ పుస్తకాన్ని నా చేత్తో కొత్తగా కుట్టి ఇస్తాను ప్రభువా" అని మొక్కుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా జ్వరం దిగింది. పిల్ల లేచి ఆకలన్నది. నాన్న దబ్బనం, దారం పట్టుకుని చర్చికి పోతే అప్పటి పాస్టరుగారు పుస్తకాన్ని తిరగేసి బోర్లేసి చూసి, "ఇనప ముక్కలా ఉంది కదయ్యా, విప్పడమెందుకు?" అన్నాడు.

ఆ పుస్తకాన్ని ఏ మహానుభావుడు కుట్టాడో గానీ నలభై నాలుగేళ్లు చెక్కు చెదరలేదు. ఆదివారం అందరూ దేవుడి వైపు చూస్తుంటే నాన్న పుస్తకం వీపు వైపు చూసేవాడు. పాస్టర్లు మారారు, బెంచీలు మారాయి, గంట పగిలింది, పుస్తకం మాత్రం ఊడలేదు. ఊడాలని ప్రార్థన చేద్దామంటే అదేం ప్రార్థన అని సిగ్గు. చివరికి ఒక వానాకాలం చర్చి కప్పు కారి, పుస్తకం తడిసి, వీపు పగిలి, ఫారాలు చేతికొచ్చాయి. ఆ కబురు తెలిసేసరికి నాన్న చేతులు గ్లాసు కూడా పట్టలేకపోతున్నాయి.

"ఏ మొహం పెట్టుకుని పోనే అమ్మాయ్? మాటిచ్చాను. పుస్తకం బాగున్నన్నాళ్లూ చేతులు బాగున్నాయి" అన్నాడు ఆయన. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పినప్పుడు భయపడని మనిషి, ఈ మాటంటూ భయపడ్డాడు. ఆ భయం దబ్బనం అక్కకి నచ్చలేదు. ఆ భయంతో ఆయన పోవడం ఇంకా నచ్చలేదు.

పుస్తకాన్ని పాస్టరుగారు స్వయంగా దుప్పట్లో చుట్టి మోసుకొచ్చారు. ఆయన కుర్రవాడు, అప్పటికి ఏడాదిన్నర కిందట ఈ చర్చికి వచ్చాడు. వెనకాలే సంఘపెద్ద వచ్చాడు. ముప్ఫై ఏళ్లు కొట్ల వెంట తిరిగి తక్కెళ్లు, తూకపు రాళ్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి కాబట్టి అందరూ ఆయన్ని తూనికలాయన అంటారు. పాస్టరు పుస్తకాన్ని ఎక్కడ పడేస్తాడోనని కాపలా వచ్చాడు.

నాన్న మొక్కు సంగతి చెప్పగానే పాస్టరుగారు ఆయన మోకాలి దగ్గర కూర్చున్నారు. "తాతగారూ, మీరేమీ కుట్టక్కర్లేదు. రక్షణ కృపవల్ల దొరికేది. కానుక. కానుకకి మనం చేతులు చాపడమే."

"చాపితే వణుకుతున్నాయిగా" అన్నాడు నాన్న.

తూనికలాయన గొంతు సవరించుకున్నాడు. "అలా చెప్పే జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు మీరు. కానుక, కానుక అంటే రేపు ఎవడూ చర్చి ఊడవడు. దేవుడి దగ్గర తూకం ఉంటుందండీ. మాటిచ్చాక చెయ్యాలి."

"తూకమే ఉంటే పెద్దాయనా, మీరూ నేనూ ఎవరమూ తూగం."

"మీ సంగతి మీరు చెప్పుకోండి."

దబ్బనం అక్క ఈ తగువుని ఫారం చదివినంత శ్రద్ధగా విన్నది. అటొకసారి ఇటొకసారి తల తిప్పి, "నాకో సందేహం అయ్యగారూ. నాన్న మొక్కుకున్నది నేను కుడితే, అది నాన్న కుట్టినట్టు అవుతుందా?" అని అడిగింది.

"అసలు ఎవరూ కుట్టకపోయినా దేవుడు ఏమీ అనుకోడక్కా" అన్నారు పాస్టరుగారు.

తూనికలాయన కాసేపు ఆలోచించాడు. "సగం అవుతుంది" అన్నాడు.

"ఒకరేమో అక్కర్లేదంటారు, ఒకరేమో సగం అంటారు. పుస్తకం మాత్రం మొత్తం ఊడింది" అని ఆమె దుప్పటి విప్పింది.

నాన్న ముందు తనే ప్రయత్నించాడు. బల్ల దగ్గరికి కుర్చీ జరిపించుకుని, దబ్బనం పట్టుకుని, మొదటి ఫారం మడతలో కన్నం వెతికాడు. ఏడుసార్లు పొడిస్తే ఏడుసార్లూ కన్నం పక్కకి తప్పుకున్నట్టే ఉంది. ఎనిమిదోసారి వేలికి గుచ్చుకుంది. దబ్బనం కింద పెట్టేశాడు.

"నువ్వే కుట్టు" అన్నాడు. "నేను పక్కనుండి చూస్తాను. సగమో పావో, ఎంతయితే అంత."

చిరిగిన మడతలకి పల్చటి కాగితం అతికి, ఆరబెట్టేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ పుస్తకంలో వరస పట్టుకోవడం అంత తేలిక కాదు. పేజీల అంకెలు నుసి పురుగంత ఉంటాయి, అవీ అడుగున, తడికి అలుక్కుపోయి. అయినా కుట్టేవాళ్లకి ఇంకో విద్య ఉంది. పుస్తకం తడిసినప్పుడు నీటి మరక ఒక పేజీ నుంచి పక్క పేజీకి దిగుతూ పోతుంది. పక్కపక్కనుండే రెండు ఫారాల మీద మరక ఆకారం ఒక్కలాగే ఉంటుంది. కాబట్టి అంకె లేకపోతే మరకకి మరక జోడించుకుంటూ పోవచ్చు. నాన్న నేర్పిన విద్యే.

కుట్టిన మధ్యాహ్నం ఆమె అంకెలు చూడలేదు. ఎందుకు చూడలేదన్నదాని మీద ఈ రోజుకీ ఎవరి కథ వారికుంది. కళ్లు మూసుకుని ప్రార్థిస్తూ కుట్టిందని కొందరు, చెయ్యి దానంతటదే కదిలిందని కొందరు. అసలు సంగతి తర్వాత చెప్పుకుందాం. చూసింది మాత్రం మరకలనే. చెవి ఆకారంలో మరకున్న ఫారం పక్కన చెవి ఆకారంలో మరకున్న ఇంకో ఫారం పెట్టి కుట్టేసింది. "వరస సరిపోయిందా నాన్నా?" అని మధ్యలో అడిగితే, కూతురు వేస్తున్న కుట్టు వంక తప్ప దేని వంకా చూడని నాన్న, "సరిపోయింది, సరిపోయింది" అన్నాడు. ఆ రోజు ఆయన రెండు సగం గ్లాసుల టీ తాగాడు.

ఆదివారం అల్లుడు ఆయన్ని చక్రాల కుర్చీలో చర్చికి తోసుకెళ్లాడు. కొత్త అట్టతో పెద్ద పుస్తకం పీఠం మీద మెరుస్తోంది. పాస్టరుగారు నాన్న గౌరవార్థం తనకిష్టమైన భాగమే తీశారు. మనిషి గట్టెక్కేది తన పనులతో కాదని, కేవలం నమ్మినందుకేనని గొంతెత్తి చదువుకుంటూ పేజీ తిప్పారు. తిప్పి, అదే ఊపులో, పనులు చేసి చూపించని నమ్మకం ఎందుకూ కొరగాదని, అది చచ్చినదేనని చదివేశారు.

"ఆమెన్!" అని మూడో బెంచీలోంచి తూనికలాయన లేచి నిలబడ్డాడు. ఏడాదిన్నరలో ఆ పాస్టరుకి ఆయన ఆమెన్ చెప్పడం అదే మొదలు.

పాస్టరుగారు ఆగారు. పేజీ వెనక్కి తిప్పారు. ముందుకి తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు. ముందు బెంచీల్లో ఒకావిడ "అద్భుతం" అన్నది. వెనక బెంచీలో ఒకాయన "అచ్చుతప్పు" అన్నాడు. ఉచితమనేవాళ్లు, పనులనేవాళ్లు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. రెండు పక్షాలవాళ్లూ "చూశారా, మేం చెప్పలేదూ!" అన్న ఒకే ముక్క అరుస్తున్నారు.

ఆ గోలలో నాన్న గొంతు సన్నగా వినిపించింది. "వరస తప్పింది."

దబ్బనం అక్క ఆయన వైపు చూసింది. నలభై ఎనిమిదేళ్లలో ఒక్క ఫారం తప్పని మనిషి, మొక్కు పుస్తకంలో తప్పాడు. ఆయన మొహం తడిసిన అట్టలా ముడుచుకుపోయింది.

సోమవారం పొద్దున్నే పుస్తకాన్ని పట్టుకుని పాస్టరుగారూ తూనికలాయనా మళ్లీ దుకాణానికి వచ్చారు. తూనికలాయన పోట్లాటకి సిద్ధంగా ఉన్నాడు. "విప్పొద్దమ్మా. ఇలాగే బాగుంది. ఆయన పేజీ వెనకాలే నా పేజీ ఉంటే జనానికి మంచిది."

"మీ పేజీ వెనక నా పేజీ ఉంటే ఇంకా మంచిది" అన్నారు పాస్టరుగారు. ఆయన తప్పుని తప్పుగా తీసుకోలేదు. పొద్దుట్నుంచి తనలో తను నవ్వుకుంటూనే ఉన్నారు.

దబ్బనం అక్క ఆ రోజు కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని, రెండు మరకల్నీ పక్కపక్కన పెట్టి చూస్తోంది. అచ్చం ఒకటే చెవి. ఒకటే తమ్మె. అంత దూరంలో ఉన్న రెండు ఫారాలకి ఒకటే మరక ఎలా వచ్చింది? మధ్యలో ఉన్న ఫారాలకి లేదు. ఈ సంగతి తేలకపోతే ఆమెకి అన్నం సయించదు.

"అయ్యగారూ, వానాకాలంలో పుస్తకం మూసి ఉండేదా, తెరిచి ఉండేదా?"

"తెరిచే ఉండేదక్కా."

"ఏ పేజీ దగ్గర?"

పాస్టరుగారు చొక్కా బొత్తాం సర్దుకున్నారు. "సాయంత్రం వెళ్లేటప్పుడు నేను ఆ కృప పేజీ దగ్గర తెరిచి పెట్టి వెళ్లేవాణ్ని. వచ్చినవాళ్లు చదువుకుంటారని."

ఆమె తూనికలాయన వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు.

"మీరు, పెద్దాయనా?"

"నేనేం చేశాను? పొద్దున్నే తాళం తీసేది నేనే కదా. వచ్చి… నా పేజీకి తిప్పేవాణ్ని. అంతే. అదేం నేరమా?"

"రోజూనా?" అన్నారు పాస్టరుగారు.

"మీరు రోజూ తిప్పలేదా?"

కప్పు ఒక్క చోటే కారింది. చుక్క ఒక్క చోటే పడింది. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా ఆయన పేజీ మీద, పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఈయన పేజీ మీద, వానాకాలమంతా ఏ పక్షమూ చూసుకోకుండా సమానంగా కారింది. దబ్బనం అక్క ఈ లెక్క ఇద్దరికీ విప్పి చెప్పింది. పాస్టరుగారికి నవ్వు ఆగలేదు. తూనికలాయన నవ్వకూడదని చాలా కష్టపడ్డాడు గానీ భుజాలు కదిలాయి. "కప్పు సంగతి ముందు చూడాలండీ" అనుకుంటూ ఇద్దరూ మెట్లెక్కి వెళ్లిపోయారు. వీధి చివరిదాకా ఎవరి పేజీ ఎక్కువ తడిసిందన్న వాదన వినిపిస్తూనే ఉంది.

నాన్న నవ్వలేదు. టీ ముట్టలేదు. అది చల్లారి పైన తెట్టు కట్టింది.

"మొక్కు తీరలేదు సరికదా, తప్పు కుట్టి దేవుడికిచ్చాను" అన్నాడు. "సగం కూడా పోయింది."

దబ్బనం అక్క స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. తిట్టాలనిపించింది, కానీ అంతకన్నా ముందు ఒక ప్రశ్న వచ్చింది. ఆమెకి ఎప్పుడూ ప్రశ్నే ముందొస్తుంది.

"నాన్నా, నాకు జ్వరం ఎప్పుడు దిగింది?"

"చెప్పాను కదే, మర్నాడు మధ్యాహ్నం."

"నువ్వు పుస్తకం కుట్టాకా?"

"కుట్టనివ్వలేదుగా పాస్టరు."

"మరి తర్వాతేమైంది? జ్వరం తిరిగొచ్చిందా?"

"రాలేదు."

"నువ్వు కుట్టలేదు. జ్వరం రాలేదు. నేను పెద్దదాన్నయ్యాను, బడి మానేశాను, డ్రైవర్ని పెళ్లి చేసుకున్నాను, నీ చేత తిట్లు తిన్నాను. నలభై నాలుగేళ్లు. ఈ నలభై నాలుగేళ్లూ నేను ఎవరు కుట్టిన పుస్తకం పుణ్యాన బతికానంటావ్?"

కిటికీ బయట ఎవరో అచ్చాఫీసు షట్టరు పైకి లాగారు. ఆ చప్పుడు అయిపోయేదాకా నాన్న తన చేతుల వంకే చూసుకున్నాడు. అవి వాటి మానాన అవి వణుకుతున్నాయి.

"అంటే ముందే ఇచ్చేశాడంటావా?" అన్నాడు చివరికి.

"నాకేం తెలుసు? నేను ఆ ఫారమొకటే చదివాను. నువ్వే చెప్పాలి."

"ముందే ఇచ్చేస్తే మరి ఇంక ఇది కుట్టడం ఎందుకే?"

"పుస్తకం ఊడిపోయింది కాబట్టి, నాన్నా."

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తోందేమోనని చూశాడు. చెయ్యడం లేదు. అప్పుడు ఆయనకి కడుపులోంచి నవ్వొచ్చింది. కుర్చీ కిర్రుమంది, బల్ల మీద కత్తెర ఊగింది. నలభై నాలుగేళ్లు ఇనప ముక్కలాంటి పుస్తకం ఊడాలని కాచుక్కూర్చున్న తనని తనే చూసుకుని నవ్వినట్టు నవ్వాడు.

"ఇటివ్వు" అన్నాడు.

"ఏమిటి?"

"పుస్తకం. తప్పు కుట్టు విప్పాలి కదా."

ఆమె కుట్టు కొసలు కత్తిరించి పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దారం పట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే కుట్టడానికి పనికిరాని వణుకు విప్పడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. చెయ్యి దానంతటదే ఊగుతూ ఉంటే దారం కాగితాన్ని చింపకుండా కన్నంలోంచి కొంచెం కొంచెంగా జారి బయటికొచ్చింది. స్థిరమైన చేతికి అంత సున్నితత్వం రాదు. ఒక ఫారం విడదీసి ఆమెకిచ్చాడు. ఇంకోటి. అంకెలు ఆమె పైకి చదువుతుంటే ఆయన వరస సరి చూసుకున్నాడు.

"దబ్బనం నువ్వు పడతావా?" అని ఆమె అడిగింది.

"నాకెందుకు? నువ్వు కుట్టు" అన్నాడు. పోయిన వారం కూడా ఇదే మాటన్నాడు గానీ అప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇప్పుడు చల్లారిన టీ మీది తెట్టు తీసేసి, చొక్కా మీద పోసుకుంటూ తాగాడు.

అది జరిగి మూడేళ్లయింది. ముసలాయన ఉన్నాడు. వీధిలో విప్పాల్సిన పాత పుస్తకాలన్నీ ఇప్పుడు ఆయన దగ్గరికే వస్తాయి. మొక్కు మాట మళ్లీ ఎత్తలేదు. చర్చి కప్పు బాగుచేశారు. పాస్టరుగారూ తూనికలాయనా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు ఒకే బెంచీలో కూర్చుని వాదించుకుంటారు.

కథ మాత్రం దబ్బనం అక్కని వదలడం లేదు. పక్క ఊళ్లనుంచి కూడా మనుషులు మెట్లు దిగి వస్తారు. ఇద్దరు అపొస్తలుల్నీ కలిపి కుట్టమని ఆమెకి ఎవరు చెప్పారు, దర్శనం ఏమైనా అయిందా, చెయ్యి దానంతటదే కదిలిందా అని అడుగుతారు. పోయిన వారం ఒకాయన నోటు పుస్తకం, పెన్నూ పట్టుకుని వచ్చి అదే అడిగాడు. దబ్బనం అక్క దారానికి మైనం పట్టిస్తూ తలెత్తకుండా చెప్పింది.

"ఎవరూ చెప్పలేదండీ. ఆ రోజు కళ్లజోడు మా ఆయన జేబులో డ్యూటీకి వెళ్లిపోయింది. తప్పు కుట్టాను. మా నాన్న విప్పాడు, మళ్లీ కుట్టాను."